చేనంతా ప్రశ్నలే

చాట నిండా దారాలు. నీలం రంగు నూలు. ఒక్కొక్కటి వేలెడంత.

"చూసినవా?" అంది జోగులమ్మ, చాటను కోడలి ముందుకు జరుపుతూ. "ఒక్కటి గూడ ఇడ్వలే. పత్తి చేన్ల సాలు సాలు తిరిగి ఇప్పిన. ఇయ్యాల కంపెనీ గోవిందు చేను చూడనీకొస్తుండు కదా, సాఫుగుండాలె. పారేద్దామంటే బుద్ధి పుట్టలే, మంచి నూలాయె. మీ కాలేజీ పిల్లలకు మల్ల అక్కరకొస్తయని ఏరుకొచ్చిన."

సుమన చేతిలోని చాయ్ గ్లాసు నోటి దాకా పోలేదు. కిందికీ దిగలేదు.

విత్తు వేసిన నాటి నుంచి ఈ ఇంట్లో అత్త కోడలితో నేరుగా మాట్లాడిన మొదటి మాటలివి. క్రాసింగ్, అంటే చేలో మొగ్గలకు పుప్పొడి రుద్దే పని, అయ్యేదాకా కాలేజీకి సెలవు పెట్టమని అత్త అంది. కుదరదని కోడలంది. ఆ ఒక్క మాట పట్టుకుని ఇద్దరూ మిగతా మాటలన్నీ మానేశారు. అప్పటి నుంచి ఉప్పు తక్కువైందన్నా, ఊరికి పోతున్నానన్నా అంతా తిరుపతి నోటి మీదుగానే. అమ్మకు కొడుకు, ఆలికి మొగుడు, ఇద్దరి నడుమ పోస్టుమాన్.

అలాంటిది ఇవాళ పెద్దావిడే మెట్టు దిగింది. చాట పట్టుకుని వంటింటి గడప దాటింది. ఒక్క మంచి మాట కోసం నిలబడింది.

ప్రశంస కోసం వచ్చిన మనిషికి ప్రశ్న ఎదురైంది.

"అన్నీ ఇప్పినవా అత్తమ్మా?"

"అన్నీ. ఎందుకట్ల చూస్తవ్? బాకీ ఏమన్న మిగిలిందా?"

ఏమీ మిగల్లేదు. అదే బాధ.

గద్వాల చుట్టుపక్కల, కంపెనీకి విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేలో గుర్తుకు ఒక్కటే అర్థం. ఆడ మొక్క మీద రేపు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రమే పట్టుకుని, బొటనవేలి గోటితో రేకులూ పుప్పొడీ గిల్లేస్తారు. గిల్లిన మొగ్గకు ఎర్ర కాగితం ముక్క తగిలిస్తారు. తెల్లారి మగ మొక్క పువ్వు తెచ్చి దాని మీద రుద్దుతారు, కాగితం తీసేస్తారు. గుర్తు ఉందంటే పని మిగిలినట్టు. తీసేశారంటే ముగిసినట్టు. ఈ లెక్క జోగులమ్మకు బుర్రలో లేదు, వేళ్ళలో ఉంది.

సుమన విద్యార్థుల లెక్క వేరు. నీలం దారం కట్టారంటే, ఇది మా ప్రయోగం కాయ, దీన్ని విత్తనాల్లో కలపొద్దు అని. వాళ్ళలో యేసుబాబు అనేవాడు తన వాడలో చీరలు నేసే మగ్గం దగ్గర అడిగి తెచ్చిన నూలది. మగ్గం నూలు మొగ్గకు చుట్టుకుంది. మొగ్గకు చుట్టుకున్నది ఇప్పుడు మెడకు చుట్టుకుంది. దారం పోయింది, దారంతో ఆధారం పోయింది, ఇక దారి ఎక్కడిది?

తిరుపతి వేపపుల్ల నములుతూ లోపలికొచ్చాడు. ఇద్దరినీ ఒకే గదిలో చూసి ముఖం వెలిగించుకున్నాడు.

"అబ్బ! మాట్లాడుకుంటున్నరా? అయితే నా నౌకరి పోయినట్టే!"

"పోయింది నీ నౌకరి గాదు," అంది సుమన. "నువ్వు అత్తమ్మకు చెప్పినవా లేదా?"

"ఏం సంగతి?"

"పిల్లలు కొన్ని మొగ్గలకు వేరే పుప్పొడి రుద్దుతున్నరని. నీలం దారమున్న కాయలు ముట్టొద్దని. లెక్క చూసుకున్నంక మేమే తెంపి పారేస్తమని. చెప్పమన్ననా లేదా?"

వేపపుల్ల ఆగింది. తిరుపతి మొదట తల్లి వైపు చూశాడు, తర్వాత చాట వైపు, తర్వాత గోడ వైపు. గోడ ఏమీ అడగదని అక్కడే ఉండిపోయాడు.

"చెప్దామనే అనుకున్న."

"అనుకున్నవా? అత్తమ్మ ఒప్పుకున్నదని నాతోని అన్నవ్ కదా!"

"నేనేం ఒప్పుకున్న?" జోగులమ్మ గొంతు లేచింది. "వేరే పుప్పొడేంది? వీడు నాకేం చెప్పిండో తెల్సా? 'అమ్మా, నీ కోడలు నోరిడిచి చెప్పలేక నామోషీ పడుతుంది గాని, నీకు సాయానికి కాలేజీ పిల్లలను తోలుతుంది' అన్నడు. నేను గూడ, పోనీలే, మనసుల పెట్టుకుంది, గంతే చాలు అనుకున్న. ఆ పిల్లలకు అన్నం గూడ వండి పెట్టిన!"

"నేను సాయానికి తోలలే అత్తమ్మా. ప్రయోగానికి తెచ్చిన."

"అగో! ఇను!"

పోస్టుమాన్ ఒకే ఉత్తరాన్ని రెండు కవర్లలో పెట్టి రెండు గుమ్మాల్లో పడేశాడన్నమాట. అటు సాయమని, ఇటు ప్రయోగమని. అత్తకు కోడలు మెత్తబడిందనిపించింది. కోడలికి అత్త చదువు విలువ తెలుసుకుందనిపించింది. ఇన్నాళ్ళూ ఇద్దరూ ఒకరి మీద ఒకరు లోలోపల పెంచుకున్న ఆ కాస్త ప్రేమా తిరుపతి సొంత కల్పన.

"ఇంట్ల గొడవ ఉండొద్దని చేసిన," అన్నాడతను. "నడుమ నలిగెటోనికి తెలుస్తది. మీకేం, ఇద్దరూ ముఖాలు తిప్పుకుంటరు. మెడ నొచ్చేది నాకు."

సుమన చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"అసలు సంగతి చెప్పు," అంది జోగులమ్మ, పీట లాక్కుని కూర్చుంటూ. "నాకు తెలిసేటట్టు చెప్పు. పుస్తకం భాష వద్దు."

సుమన చెప్పింది. చెబుతుంటే తనకే వినసొంపుగా లేదు.

కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే ఇన్నేళ్ళ నౌకరీలో ఆమె నోటి మాట పిల్లల నోట్సులోకి, నోట్సులోది పరీక్షలోకి, పరీక్షలోది గాలిలోకి పోయేది. మొన్న ఎండాకాలం వనపర్తిలో శిక్షణకు పోయొచ్చింది. శిక్షణ అనే మాటలో శిక్ష ముందే దూరి కూర్చుందని అప్పుడు తట్టలేదు. అక్కడ విన్నది ఆమెకు మనసుకెక్కింది. విద్యార్థే నడుమ ఉండాలి. ప్రశ్న వాడిది కావాలి. జవాబు వాడే వెతుక్కోవాలి. మేడం పక్కన నిలబడాలి.

తిరిగొచ్చి బెంచీలు గుండ్రంగా వేయించింది. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, "మేడం, నోట్సు?" అన్నారు. రోజూ అదే. కిరణజన్య సంయోగక్రియ గురించి మీకేం అనుమానముందర్రా అంటే, ఎన్ని మార్కులకొస్తుందో అనుమానముంది మేడం అన్నారు. ఒక తండ్రి కాలేజీకొచ్చి, "పాఠం పిల్లలే చెప్పుకుంటే జీతం గూడ పిల్లలకే ఇయ్యిండ్రి" అని పోయాడు. ప్రిన్సిపాల్ సిలబస్ ఎంతైందని వారం వారం అడిగి, ఆఖరికి, "నాగర్‌కర్నూల్‌ల ఖాళీ ఉన్నదట మేడం, మీ పుట్టినిల్లు గూడ ఆడికి దగ్గరనే కదా" అని తీయగా అన్నాడు. బోర్డు మీద విద్యార్థి కేంద్రిత బోధన. బోర్డు ముందు అధ్యాపక కేంద్రిత వేదన.

అప్పుడు ధనలక్ష్మి చెయ్యెత్తింది. వెనక బెంచీలో కూర్చుని ఏనాడూ పెదవి విప్పని పిల్ల.

"మేడం, మా అమ్మ నేను పుట్టకముందు నుంచి సీడు చేన్లల్ల మొగ్గలు గిల్లుతుంది. ఎప్పుడూ వాళ్ళిచ్చిన మగ పువ్వే రుద్దాలంటరు. పక్క చేని మామూలు పత్తి పువ్వు రుద్దితే కాయ కాయదా?"

క్లాసు మొత్తం ఆ పిల్ల వైపు తిరిగింది. మార్కుల ఊసు లేని ప్రశ్న అది. సుమనకు కళ్ళు చెమర్చినంత పనైంది.

"చేసి చూద్దామా?" అంది.

ఇక్కడికి వచ్చేసరికి జోగులమ్మ చెయ్యెత్తి ఆపింది. ఆవిడ ఎత్తిందీ అడగడానికే.

"జర ఆగు. కాస్తదని నీకు ముందుగాల తెల్సునా, తెల్వదా?"

"తెల్సు."

"మరి ఆ పిల్ల అడిగినప్పుడు 'కాస్తదే బిడ్డా, కూసో' అంటే అయిపోవునా లేదా?"

"చెప్తే వాళ్ళకు తెలుస్తది అత్తమ్మా. మరిచిపోతరు. సొంతంగ చేస్తే..."

"చేస్తే మనకు తెలిసొచ్చింది," అన్నాడు తిరుపతి.

సుమన మొగుడి వైపు చూసిన చూపుకు వేపపుల్ల మరింత చేదెక్కింది.

"సరే, చేసిన్రు. ఒక సాలుల చేసిన్రా? ఆ సాలు పీకి పారేద్దాం. పోతే పోనీ," అంది జోగులమ్మ.

సుమన తల వంచుకుంది. "ఒక్క సాలుల చెయ్యొద్దని నేనే చెప్పిన. చేనంత తిరిగి అందిన కాడ ఒకటి చెయ్యమన్న. ఒక్క తావున చేస్తే ఆ నేల మంచిదై కాసిందేమో అంటరు. నలుదిక్కుల చేస్తేనే లెక్క నమ్మొచ్చు."

"లెక్కను నమ్మొచ్చు!" అంది జోగులమ్మ. "ఇంట్ల మనుషులను మాత్రం నమ్మరాదు."

కుక్కర్ కూత పెట్టింది. సుమన పోయి పొయ్యి ఆర్పింది.

ముగ్గురికీ జరగబోయేది తెలుసు. కాయలు పగులుతాయి. గింజలు కంపెనీకి పోతాయి. వాళ్ళు అందులోంచి కొన్ని తీసి నాటి చూస్తారు. అనుకున్న జాతి కాక వేరేది తలెత్తిందా, మొత్తం సరుకు తిరిగొస్తుంది. మొలిచేవి మొక్కలు కావు, సాక్షులు. వచ్చే ఏడు ఆర్గనైజర్ గోవిందు ఈ గడప తొక్కడు. ఆడ విత్తనం, మగ విత్తనం అతని చేతి మీదుగా రావలసిందే. కౌలు నేలను సీడు చేనుగా నిలబెట్టడానికి జోగులమ్మ పడ్డ కాయకష్టమంతా ఆ కాయల్లోనే ఉంది. ఏ కాయ మంచిదో, ఏ కాయ మోసమో పైకి చూస్తే చెప్పలేరు. గిల్లిన మొగ్గలే అన్నీ. ఆకారం ఒకటే, ఆకుపచ్చ ఒకటే.

బయట ఆటో ఆగింది.

"మేడం!" అని పిలిచింది ధనలక్ష్మి. వెంట యేసుబాబు. కాయలు లెక్క చూసుకోవడానికి రమ్మని సుమనే ఇవాళ ఇద్దర్నీ పిలిచింది. మరిచేపోయింది.

పిల్లలు చాట చూశారు. యేసుబాబు ఒక దారం తీసి వేళ్ళ మధ్య తిప్పాడు.

"ఇవి మనవే కదా మేడం? ఎవరిప్పిన్రు?"

"నేనే ఇప్పిన నాయినా," అంది జోగులమ్మ, తప్పు చేసిన పిల్లలా. ఆ గొంతు ఆవిడకే కొత్తగా ఉన్నట్టుంది, వెంటనే మార్చింది. "నా చేన్ల ఏదుండొద్దో అది నేను తీయనా మరి?"

ధనలక్ష్మి ముఖం వాడిపోయింది. "అయ్యో మేడం! మరి మా రిజల్టు?"

"మీ రిజల్టా!" తిరుపతి వేపపుల్ల విసిరికొట్టాడు. "మా రిజల్టు బజార్ల పడ్డది, నీ రిజల్టు గురించి పరేషాన్ అయితున్నవా? నీకొక్క ప్రశ్న పుట్టినందుకు మాకు పంటే పుట్టకుండ పోయింది!"

"ఆ పిల్లనేం అనకు," అంది సుమన.

"నిన్నంటే ఊకుంటవా?"

"నన్ను అను. నాకు అలవాటే."

జోగులమ్మ లేచింది. కొంగు నడుముకు దోపింది. "ఇంట్ల కూసోని ఒకర్నొకరు గిల్లుకుంటె కాయలు నడిచొస్తయా? నడువుండ్రి చేనుకు. కట్టిన చెయ్యి మరుస్తదా? పిల్లలు చూపిస్తరు."

చేను ఊరికి ఆనుకునే ఉంది. అందరూ గట్టెక్కారు. పక్క చేని మాసయ్య తన మామూలు పత్తిలో కలుపు తీస్తున్నాడు. పిల్లలు పువ్వులు కోసుకున్నది అతని చేలోనే. అతను తలెత్తి చూసి, పని ఆపి, తీరిగ్గా చూడటం మొదలుపెట్టాడు.

"ఇగో మేడం, ఇది నాదే," అన్నాడు యేసుబాబు, మూడడుగులు లోపలికి పోయి. "నాకు బాగ గుర్తుంది. ఆకు మీద పురుగు తిన్న తొర్ర ఉండె."

"పురుగు తినని ఆకు యాడుంది చూపెట్టు," అన్నాడు తిరుపతి.

"అది నేను కట్టింది," అంది ధనలక్ష్మి. "నువ్వు కట్టింది ఆ పక్క మొక్కకు."

"కాదు, నేను కట్టినప్పుడు ఎండ ముఖం మీదుండె."

"తెల్లారి ఎండ అందరి ముఖాల మీద ఉంటది యేసూ!"

సుమన ఇద్దర్నీ విడదీసింది. ఒకరిని గట్టు మీద నిలబెట్టి, రెండోవారిని చేలోకి పంపింది. ధనలక్ష్మి ఒక కాయ చూపించింది. యేసుబాబు వచ్చి దాని పైకొమ్మ కాయ చూపించాడు. మళ్ళీ అడిగితే ఇద్దరూ మూడో కాయ దగ్గర కలిశారు. అది ఇద్దరిదీ కాదని జోగులమ్మ తేల్చింది. దానికి మగ పువ్వు రుద్దింది తనే అని.

"అమ్మా, నువ్వు గూడ మొదలుపెట్టినవా!" అన్నాడు తిరుపతి.

ఇది కాయల వేట కాదు, కాయ్ రాజా కాయ్ అయింది.

"తెలిసిన వాటిని పీకేద్దాం మేడం," అన్నాడు యేసుబాబు.

"తెలిసినయి ఏవి?"

"అనుమానమున్నయి."

"అనుమానం చేనంత ఉంది కదా," అంది ధనలక్ష్మి. తర్వాత మెల్లగా, "ఇప్పుడేం చేద్దాం మేడం?"

"మీరేమనుకుంటున్నరు?" అనేసింది సుమన.

అలవాటు. నాలుక చివరికి అంటుకుపోయిన మాట. అన్నాక నాలుక కరుచుకుంది గానీ, మాట అప్పటికే చేలో పడింది.

యేసుబాబు చెమట తుడుచుకున్నాడు. కోపం లేదు వాడి గొంతులో. అలసట ఉంది. "మేడం, ఈ ఒక్కసారన్న మీరే చెప్పండి."

ఆమె దగ్గర జవాబు లేదు. ఇన్నాళ్ళూ ఉండి చెప్పలేదు. ఇప్పుడు లేక చెప్పలేదు. ఎదురుగా నిలబడ్డ పిల్లలకు రెండూ ఒకటే మౌనం.

"గోవిందు సారు వస్తుండు కదా," అంది ధనలక్ష్మి. "ఉన్నదున్నట్టు చెప్దాం. వేరే పుప్పొడి గింజలు పోయి ఎవరి చేన్లనో పడితే వాళ్ళు మునుగుతరు కదా మేడం. మనం మొన్న క్లాసుల అదే కదా మాట్లాడుకున్నం."

"చెప్పు, చెప్పు," అన్నాడు తిరుపతి. "మీ అమ్మ తిమ్మమ్మ ఎవరి చేన్లల్ల పనికి పోతదో యాదుంచుకుని చెప్పు. అన్నీ గోవిందు చేన్లే. బిడ్డ చేసిన పని తెలిస్తే ఆమెను ఏ చేన్లకు రానిస్తరు?"

పిల్ల ఒకడుగు వెనక్కి వేసింది. సుమన ఆ పిల్ల వైపు చూడలేక తల తిప్పుకుంది. ఎందుకంటే మొగుడన్న మాటే సరిగ్గా తన మనసులోనూ ఉంది.

దూరంగా బండి చప్పుడు వినిపించింది.

"ఇనుండ్రి," అంది సుమన గబగబా. "ఎవ్వరూ ఏం మాట్లాడొద్దు. గోవిందు పోయేదాంక నోరు తెరవొద్దు. ఇది డిస్కషన్ గాదు. నేను చెప్తున్న."

యేసుబాబు తలూపాడు. ధనలక్ష్మి ఊపలేదు.

"ఎందుకు మేడం?"

ఆ ఒక్క మాటను ఆ నోట్లోంచి తీయడానికి సుమన ఇన్ని నెలలుగా కష్టపడింది. బెంచీలు తిప్పింది, బతిమాలింది, ప్రిన్సిపాల్ చేత మాటలు పడింది. తీరా ఇప్పుడు, రావద్దన్న పూట, గుమ్మంలోకొచ్చి కూర్చుంది.

బండి గట్టు కింద ఆగింది.

గోవిందు చెప్పులు విడిచి చేలోకి దిగాడు. కంపెనీకీ రైతుకూ నడుమ మనిషి. నడుమ మనిషి గనక నడుము మీద చేతులు పెట్టుకుని నడుస్తాడు. ఒక సాలు పట్టుకుని చివరిదాకా పోయి, మరో సాలులో తిరిగొచ్చాడు. కొమ్మలెత్తి చూశాడు. ఆలస్యంగా పూసి గిల్లకుండా మిగిలిపోయిన పువ్వొక్కటీ లేదు. కాగితం ముక్కొక్కటీ లేదు.

"పెద్దమ్మా, అద్దం లెక్కుంది చేను! ఈ చుట్టుపట్ల ఇంత సాఫు చేను నేను చూడలే. వచ్చేసారి ఇంకో ఎకరం కౌలుకు పట్టు. విత్తనం నేనిస్త."

జోగులమ్మ ముఖం మీద ఒక్క క్షణం వెలుగు లేచింది. వెంటనే దానికి తలుపేసుకుంది.

"చాయ్ తాగుదువు గాని రా, గోవిందన్నా," అన్నాడు తిరుపతి తొందరగా.

"వస్త గని, ఈ పిల్లలెవరు?"

"మా ఆమె కాలేజీ పిల్లలు. సాయానికొచ్చిన్రు." తిరుపతి పాత కవరే మళ్ళీ తీశాడు.

"మంచిదే. చదువుకున్న పిల్లలు చేన్లకు రావాలె." గోవిందు నవ్వాడు. ఊరికే, పిల్లలు కనిపించినప్పుడు పెద్దవాళ్ళు అడిగే తీరులో అడిగాడు. "ఏం బిడ్డా, ఏం నేర్చుకున్నవ్ ఈడ?"

ధనలక్ష్మి మేడం వైపు చూసింది. మేడం నేల వైపు చూసింది. నేలలో నల్లరేగడి తప్ప ఏమీ లేదు.

"మగ పువ్వు కాకుండ మామూలు పత్తి పువ్వు రుద్దితే కాయ కాస్తదా అని చూసినం సార్."

"గింత దానికి చూసుడెందుకు? కాస్తది! ఎందుకు కాయదు?"

సుమన నెలల తరబడి పళ్ళ బిగువున దాచిన జవాబు గోవిందు నోట్లోంచి తుమ్ములా ఊడిపడింది. గోవిందు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆ తర్వాత నవ్వు పెదాల మీదే ఉంది, కళ్ళలోంచి పోయింది.

"చూసినం అంటివి. యాడ చూసిన్రు?"

తిరుపతి గొంతు సవరించుకున్నాడు.

"ఈ చేన్లనా?"

"అవును సార్."

"ఏ సాలుల?"

"అంతట."

గోవిందు చుట్టూ చూశాడు. ఇందాక అద్దంలా కనిపించిన చేనులో ఇప్పుడు తన ముఖమే కనిపించినట్టు చూశాడు.

"గట్ల చెయ్యమని ఎవరు చెప్పిన్రు?"

"ఎవరూ చెప్పలే సార్," అంది ధనలక్ష్మి. "ప్రశ్న నాదే. మా అంతల మేమే చేసినం."

అది అబద్ధం కాదు. శిక్షణలో చెప్పిన దానికి అక్షరాలా సరిపోయే మాట. ప్రశ్న విద్యార్థిది, పని విద్యార్థిది, మేడం పక్కన నిలబడింది. ఊరుకుంటే చాలు. ప్రిన్సిపాల్‌కు సమాధానం దొరుకుతుంది, గోవిందుకు దొంగ దొరుకుతుంది. తిమ్మమ్మకు ఏ చేలోనూ పని దొరకదు, అంతే. తను మాత్రం ఎప్పటిలాగే పక్కన నిలబడి ఉండొచ్చు.

సుమన రెండు మొక్కల నడుమ నుంచి ముందుకొచ్చింది.

"చెయ్యమన్నది నేను. పువ్వులు తెప్పించింది నేను. చేనంత చెయ్యమన్నది గూడ నేనే. వాళ్ళకు చెప్పాల్సింది చెప్పకుండ చేన్లకు తోలిన. పిల్లల మీద గాని, పిల్ల తల్లి మీద గాని ఏం పెట్టొద్దు మీరు."

"సుమనా!" అన్నాడు తిరుపతి.

గోవిందు ఆమెను దాటి జోగులమ్మ దగ్గరికి పోయాడు. గొంతు తగ్గించాడు. అందులో కోపం కంటే బతిమాలుకోవడమే ఎక్కువగా ఉంది.

"పెద్దమ్మా, ఇది నీకు తెల్వకుంట జరిగిన పని. కదా? కాలేజీలోళ్ళు వచ్చిన్రు, ఏదో చేసి పోయిన్రు, నీకేం తెల్వదు. గట్లయితే కంపెనీతోని నేను మాట్లాడుత. తెల్వక జరిగితే ఒక తీరు, తెల్సి కలిపితే ఇంకో తీరు. నీకు తెల్వదు కదా?"

ఒక్క మాట చాలు. అదీ నిజమైన మాట. ఈ పొద్దున అందరి నోళ్ళలో నలిగిన మాటలన్నింట్లోకీ నిక్కమైన మాట. తెల్వదు. చెప్పు అత్తమ్మా, అనుకుంది సుమన. నా మీదికే తొయ్యి.

గట్టు మీదికొచ్చిన మాసయ్య కొడవలి పక్కన పెట్టి మరీ వింటున్నాడు. జోగులమ్మ అతన్ని చూసింది. తన మొగుడు చనిపోయిన ఏడాది, ఆడమనిషి సీడు చేను ఏం చూసుకుంటుందని ఊరంతా నవ్వినప్పుడు అందరికంటే గట్టిగా నవ్వినవాడు.

"తెల్వకేంది?" అంది జోగులమ్మ, గట్టు దాకా వినబడేట్టు. "నా చేన్ల నాకు తెల్వకుంట ఎవడన్న మొగ్గ ముట్టుకుంటడా? తెల్సు. అంతా తెల్సు."

"అత్తమ్మా, కాదు..." సుమన గోవిందు వైపు తిరిగింది. "గోవిందన్నా, ఆమెకు నిజంగ తెల్వదు. పొద్దుగాల నేను చెప్పేదాంక..."

"నువ్వు ఊకో! నా చేను సంగతి నేను మాట్లాడుత!"

ఇద్దరూ ఒకరికొకరు అడ్డం పడి మాట్లాడుతూనే ఉన్నారు. గోవిందు ఎవరి మాటా వినడం లేదు. మెల్లగా గట్టెక్కి చెప్పులు తొడుక్కున్నాడు.

"తెల్సి కలిపిన్రన్నట్టు," అన్నాడు, కంపెనీకి ఫోన్ కలుపుతూ.